మసి లేని థ్రాటిల్

ఠాణా వెనక దొడ్లో ఆ పికప్ బండి ముక్కు పచ్చడై ముందుకు ఒరిగి పడి ఉంది. రేణుక ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని బ్రేకు ప్యాడు మీది బూడిదను పుల్లతో గీకింది. గీకినచోట ఇనుము నీలంగా తేలింది. లేచి అటుపక్క చక్రం కూడా చూసింది. అక్కడా అదే నీలం.

భద్రాచలంలో ఆమెది ఒకే గది ఆఫీసు. బోర్డు మీద 'ప్రైవేటు డిటెక్టివ్' అని రాసి ఉన్నా జనం ఆమెను 'వకీళ్ల రేణుక' అంటారు. రాష్ట్ర సరిహద్దుకు అటూ ఇటూ ఏ వకీలుకు కేసు పీకల మీదికొచ్చినా ముందు ఆమెకే ఫోను చేస్తాడు. ఈసారి పిలిచింది మాత్రం వకీలు కాదు, ఈ బండి ఓనరు రాఘవులు. కొంటా దగ్గర పల్లెలో అతనికి ఒకే రకం పికప్‌లు మూడున్నాయి. పోయిన సంతరోజు మధ్యాహ్నం వాటిలో ఒకటి ఇప్పపువ్వు బస్తాలతో కిష్టారం దారిలో దిగుడు దిగుతూ, ఆగకుండా సంతలోకి దూసుకుపోయింది. ఉప్పూ చింతపండూ పరుచుకుని కూర్చున్న నలుగురు అక్కడికక్కడే పోయారు. బండి నడిపిన ఉంగ ఐదోవాడు. పొద్దుగూకేలోపే ఠాణాలో మాట ఖాయం చేశారు. డ్రైవరు తాగి ఉన్నాడు, ఒంటి నిండా సారా వాసన. అంతే, అయిపోయింది.

రాఘవులు కథ వేరు. ఈ రకం బళ్లలో లోపం ఉందని కంపెనీయే అంతకుముందు కబురు పంపింది. ఇంజన్‌లో థ్రాటిల్ అని ఒక భాగం ఉంటుంది. పెడలు తొక్కితే తెరుచుకుని గాలి వదిలే చిన్న తలుపులాంటిది. బాగా వేడెక్కితే ఆ తలుపు తెరుచుకున్నచోటే ఇరుక్కుపోతోందట. కాలు తీసినా బండి ఉరుకుతూనే ఉంటుంది. అలాంటి బళ్లన్నిటినీ వెనక్కి పిలిచి, ఆ భాగం ఊరికే మార్చి ఇస్తామని కంపెనీ చెప్పింది. 'ఆ భాగం మార్చినా బండి మనుషుల్ని చంపింది, నింద కంపెనీదే అని తేల్చు' అని రాఘవులు ఆమెను పెట్టుకున్నాడు.

కానీ రేణుక కళ్లు మాటిమాటికీ గోడ దగ్గర నిలబడ్డ ఇద్దరి మీదికి పోతున్నాయి. ఒకరు ఉంగ భార్య ఇర్మె. రెండోవాడు ముసలి సుక్కా, ఉంగ ఊరి పెద్ద. సంతలో పోయిన నలుగురిలో ఆయన భార్య ఉంది. ఆ ఊళ్లో పోయినవాళ్ల పేరున రాయి నిలబెడతారు. రాయి లేకపోతే పోయినవాడు ఊరివాడు కాకుండా పోతాడని వాళ్ల నమ్మకం. తాగి నలుగురిని చంపినవాడి రాయి, వాడి చేతిలో చచ్చినవాళ్ల రాళ్ల పక్కన నిలబడడానికి వీల్లేదని సుక్కా తెగేసి చెప్పాడు. ఇర్మెకు కంపెనీ ఎవరో తెలియదు, నష్టపరిహారం గురించి అడగలేదు. మొగుడికి రాయి కావాలి, అంతే.

పొద్దున ఆమె రేణుకను ఉంగను పూడ్చిన చోటికి తీసుకుపోయింది. పోయినవాడి సొంత వస్తువులు అక్కడే కొమ్మకు వేలాడదీయడం వాళ్ల ఆచారం. వాటిని ఇంకెవరూ ముట్టరు. ఉంగ చెప్పులు, తువ్వాలు వేలాడుతున్నాయి. వాటి పక్కన ఒక కటింగ్ ప్లేయరు, చుట్ట చుట్టిన సన్నటి ఇనుప తీగ.

"ఈ తీగ ఎందుకు ఇర్మే?" అని రేణుక అడిగింది.

"ఏమో అక్కా. పటకారు, తీగ లేకుంట ఇల్లు కదలకపోయేటోడు. ఆయన సామాను గద, ఆయనకే ఇచ్చినం."

డ్రైవరన్నాక ఏదో ఒకటి బిగించుకుంటూ ఉంటాడులే అనుకుని రేణుక అప్పటికి ఊరుకుంది.

"బండికి కూడా శవపరీక్ష చేస్తారాండీ?"

ఠాణా దొడ్లో ఆమె వెనక నుంచి వచ్చిన ఆ గొంతు ఉపేంద్రది. కంపెనీ పంపిన విచారణ అధికారి. కిరందుల్ గనుల టౌన్‌షిప్పులో పెరిగిన గుంటూరువాళ్ల అబ్బాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళాలు. మాటకు ముందు నవ్వు వస్తుంది, మాట అయ్యాక పోతుంది.

"చచ్చింది ఎలాగో చెప్పడానికి ఇది ఒక్కటే మిగిలింది," అంది రేణుక.

"చెప్పడానికేముందండీ? ఈ నంబరు బండికి మేం థ్రాటిల్ మార్చేశాం. యాక్సిడెంటుకు ముందు మూడు సంతరోజులు కొంటాలో క్యాంపు పెట్టాం. దగ్గరుండి చూసుకుంది నేనే. లోపం ఉన్న సామాను ఇందులో లేనే లేదు. ఇక మిగిలింది తాగిన డ్రైవరు."

"తాగాడని ఎవరు చూశారు?"

"వాసనండీ. చూసినవాళ్లంతా అదే మాట."

"బండిలో ఏముంది?"

"ఇప్పపువ్వు."

"ఎండలో మగ్గిన పువ్వు బస్తాలకు బస్తాలు పగిలి మీద పడితే, మీ ఇస్త్రీ చొక్కా కూడా అదే వాసన కొడుతుంది."

ఇర్మె రెండడుగులు ముందుకు వచ్చింది. "ఇప్ప పండుం కాలేదు సారూ. పండుగ చెయ్యక ముందు కొత్త పువ్వు మేం నోట్లె పెట్టం. సారా దింపం."

"పోయినేటి సారా ఉండదా అమ్మా ఇంట్లో?"

ఇర్మె తల దించుకుంది. పుండు మీద కారం చల్లడమంటే ఈ మనిషికి వెన్నతో పెట్టిన విద్యలా ఉంది. రేణుకకు ఒళ్లు మండింది. అతని మోచేయి పట్టుకుని చక్రం దగ్గరకు లాక్కొచ్చింది.

"ఇది చూడండి. ఇనుము నీలంగా తిరిగింది. ప్యాడ్లు కాలి బూడిదయ్యేదాకా తొక్కాడు. చేతి బ్రేకు పైదాకా లాగి ఉంది, దాని కేబులు తెగింది. తాగి తూలేవాడు ఇంత పోరాడడు. ఇంజన్ ముందుకు లాగుతుంటే ఈ మనిషి దిగుడు పొడుగునా బ్రేకు మీద నిలబడ్డాడు. ఈ మాట ఏ కోర్టులోనైనా చెప్తాను."

ఉపేంద్ర ఏదో అనబోయాడు. ఈలోగా సుక్కా కర్ర పొడుచుకుంటూ వచ్చి ఇద్దరి మధ్య నిలబడ్డాడు.

"నాకు గవన్నీ తెల్వయి బిడ్డా. ఒక్క మాట జెప్పు. ఉంగడు తాగిండా, తాగలేదా?"

"తాగలేదు పెద్దయ్యా. బండి అతని మాట వినలేదు. ఆపబోయి చచ్చాడు."

ముసలాయన వంగి ఆ నీలం ఇనుమును కర్ర కొనతో తట్టి చూశాడు. తరువాత ఇర్మె వైపు తిరిగాడు.

"నా ముసల్దాని రాయి, నీ మొగని రాయి ఒక్క బండిల్నే తెద్దాం. ఇయ్యాల్నే తెద్దాం."

ఇర్మె అక్కడే కూలబడి ఏడ్చింది. అది దుఃఖమో ఊరటో చెప్పడం కష్టం, రెండూ కలిసే ఉంటాయి. ఉంగ తమ్ముడు లక్మా గేటు బయట తన బండి దగ్గర ఉన్నాడు. అతనూ రాఘవులు డ్రైవరే. లోపలికి వచ్చి వదిన భుజం పట్టి లేపాడు. "లే వదినె. రాళ్లు వాగు అవతల గుట్టకాడ చూసి పెట్టినయే గద. నా బండిల పోదాం. ఊరోళ్లను గూడ ఎక్కించుకుంట," అన్నాడు.

వాళ్లు బండెక్కి పోతుంటే రేణుకకు కడుపు నిండినట్టయింది. ఆమె పనిలో అలాంటి పొద్దు ఏడాదికొకటి దొరికితే గొప్ప. బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

"బాగానే ఏడిపించారు," అన్నాడు ఉపేంద్ర. "కానీ ఒక్కటి చెప్పండి. మార్చేసిన థ్రాటిల్ ఎలా ఇరుక్కుంటుంది?"

తెలియదని చెప్పడం ఇష్టం లేక రేణుక బండి చుట్టూ ఇంకోసారి తిరిగింది. తాళంచెవి 'ఆన్'లో ఉండగానే వంగిపోయింది. అదొక ముల్లు. అంత పెనుగులాడినవాడు తాళం ఎందుకు తిప్పలేదు? వెనక్కి వచ్చి నంబరు ప్లేటు చూసింది. ప్లేటుకు స్క్రూలు లేవు. సన్నటి ఇనుప తీగతో, నాలుగు మూలలా కట్టి ఉంది. తీగ కొసలు ప్లేయరుతో మెలి తిప్పారు.

కొమ్మకు వేలాడుతున్న తీగ చుట్ట ఆమె కళ్లముందు ఊగింది.

* * *

రాఘవులు ఇంటి ముందు దొడ్లో మూడో పికప్ ఉంది. క్లచ్ పాడై అది చాలాకాలంగా సరుకుకు పోవడం లేదు. రాఘవులు మంచం వాల్చి, కూర్చోమన్నాడు. రేణుక కూర్చోకుండా నేరుగా ఆ బండి వెనక్కి పోయి ప్లేటు చూసింది. తీగే.

"రాఘవులుగారూ, మీ బళ్లకు స్క్రూలు దొరకవా?"

"ఏంది మేడం?"

"నంబరు ప్లేట్లు తీగతో ఎందుకు కట్టారు?"

రాఘవులు నీళ్లు నమిలాడు. లోపలికి చూసి చాయ్ తెమ్మని కేకేశాడు. చాయ్ వద్దంది రేణుక. చివరికి నోరు విప్పాడు. "ఈ దారుల సంగతి మీకెర్కనే గద. బండ్లు ఆపి చూసే ఒక్కో నాకాకాడ ఒక్కో నంబరు అలవాటు. ఎర్కున్న నంబరైతే చెయ్యూపి పంపుతరు. కొత్తదైతే బస్తాలన్ని దింపి సోదా చేస్తరు, పొద్దంత ఆడ్నే పాయె. అందుకే ఏ సంతకు పోతే ఆ నంబరు కట్టుకపోతరు మా పోరగాండ్లు. దొంగసామానేం కాదు మేడం, పువ్వు, చింతపండే."

"అంటే ఏ నంబరు ఏ బండిదో మీకే తెలియదన్నమాట."

"ఎందుకు తెల్వదు? నా బండ్లు నాకు తెల్వవా?"

అప్పుడే ఉపేంద్ర కారు వచ్చి ఆగింది. ఈ కేసును ఇవాళే తెగ్గొట్టాలని వచ్చాడతను. కంపెనీ మీద ఫిర్యాదు వాపసు తీసుకోమని రాఘవులుకు చెప్పి, చేతిలోని ప్లాస్టిక్ సంచి మంచం మీద పెట్టాడు.

"ఇదిగోండి మీ సాక్ష్యం. యాక్సిడెంటైన నంబరు బండి నుంచి క్యాంపులో ఊడదీసిన పాత థ్రాటిల్. నంబరు చీటీ కట్టే ఉంది. ఇది నా దగ్గరుందంటే దాని చోట కొత్తది ఎక్కినట్టే కదండీ. ఇంకా ఏం కావాలి?"

రేణుక సంచి విప్పింది. అరచేతిలో పట్టేంత అల్యూమినియం గొట్టం, మధ్యలో తలుపులా తిరిగే బిళ్ల. కర్చీఫు తీసి గొట్టం లోపల వేలుతో గట్టిగా తుడిచింది. కర్చీఫు తెల్లగానే వచ్చింది. మళ్లీ తుడిచింది. వేలితో బిళ్లను నొక్కి వదిలితే టక్కుమని మూసుకుంది.

"ఉంగ బండి ఎన్నాళ్ల నుంచి తిరుగుతోంది రాఘవులుగారూ?"

"రెండేండ్లు దాటింది."

"రెండేళ్లు ఈ ఎర్రమట్టి దారుల్లో బస్తాలు మోసిన బండి గొంతులో చిటికెడు మసి లేదా?"

ఉపేంద్ర నవ్వు అక్కడే ఆగింది. "మెకానిక్కులు కడిగి ఉంటారండీ."

"తీసి పారేసే సామాను ఎవరైనా కడుగుతారా? మిగతా రెండు బళ్లవి కూడా మీ దగ్గరే ఉండాలి. తీయండి."

అతను కదల్లేదు.

"ఉపేంద్రగారూ, మీరు దొంగ అని నేను అనడం లేదు. దొంగైతే దీన్ని ఇంత ధైర్యంగా తెచ్చి నా ముందు పెట్టరు. తీయండి."

అతను కారు డిక్కీ తెరిచి, పెట్టెలో వెతికి ఇంకో రెండు సంచులు తెచ్చాడు. లక్మా బండి నంబరు చీటీ ఉన్నది కూడా కొత్త గిన్నెలా మెరుస్తోంది. మూడోది, ఈ దొడ్లో నిలబడ్డ బండి నంబరుది, పెనం అడుగులా నల్లగా ఉంది. దాని బిళ్లను నొక్కితే సగంలో ఇరుక్కుని అలాగే ఉండిపోయింది.

ఒకటి పాతది. రెండు కొత్తవి. ఉపేంద్రకు కూడా అర్థమైంది.

"ఒకే బండి," అంది రేణుక. "ఒకే బండిని మూడు నంబర్లతో మూడుసార్లు మీ ముందుకు తెచ్చారు. మొదటిసారి పాతది తీసి కొత్తది వేశారు. తరువాత రెండుసార్లూ మీరు వేసిన కొత్తదాన్నే తీసి, ఇంకో కొత్తది వేశారు. బండి ఒంటి మీద కొట్టి ఉండే చాసిస్ నంబరు చూడలేదా?"

"సంతరోజండీ. వరస పొడుగునా బళ్లు, హారన్లు. ప్లేటు చూసుకుని పని కానిచ్చాం." అతని గొంతు బాగా తగ్గింది. "కొత్త సామాను చేతికొస్తే మా వాళ్లయినా చెప్పాలి కదా. చెప్పలేదు. చీటీ కట్టి పెట్టెలో పడేశారు."

రేణుక దొడ్లో బండి బానెట్ ఎత్తింది. ఎన్నో నెలల దుమ్ము మధ్య థ్రాటిల్ ఒక్కటే తళతళలాడుతోంది. కదలని బండికి కొత్త ప్రాణం పెట్టి, కదిలే రెండింటినీ అలాగే దారి మీద వదిలేశారు.

ఆమె వెనక్కి తిరిగేసరికి రాఘవులు మంచం మీద లేడు. దొడ్డిగుమ్మం దాకా పోయాడు. ఆమె అడ్డం వెళ్లి నిలబడింది.

"మీరే చేయించారా?"

"పువ్వు కాలం మేడం." రాఘవులు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "కొంటాకు పోయి వరసల నిలబడితే ఒక్కో బండి ఒక్కో రోజు ఆగుతది. చెట్ల కింద పువ్వు ఆగుతదా? ఇది ఊరికే పడున్న బండి. మెల్లగ నడిపించి దీన్నే మూడుమాట్ల తిప్పుకరమ్మన్న. వచ్చినోళ్లకల్ల ఆయిలు డబ్బా గూడ ఇస్తాండ్రి. కంపెనోళ్ల దగ్గర నంబరు పడితే చాలనుకున్న."

"ప్లేట్లు మార్చింది ఎవరు?"

"ఉంగడే. నేను చెప్తెనే మార్చిండు."

తన చావును తానే తీగతో కట్టుకున్నాడు ఆ మనిషి. ఆ తీగనూ పటకారునూ ప్రేమగా తెచ్చి అతని కొమ్మకే వేలాడదీసింది ఇర్మె.

"అతనికి తెలుసా, బండిలో లోపం ఉందని?"

రాఘవులు గుమ్మానికి చేరబడ్డాడు. "కిష్టారం సంతకు ముందు దినం వచ్చి చెప్పిండు. ఎండెక్కినంక, బరువుతోని ఎక్కుడు ఎక్కితే, కాలు తీసినా బండి ఉరుకుతాంది అన్నడు. పువ్వు అయిపోనీ, చూపిద్దాం అన్న. నా నోటితోనే అన్న."

"అయినా నన్ను పిలిచి కంపెనీదే తప్పు అని తేల్చమన్నారు."

"పిల్లలు గలోన్ని మేడం..."

చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకు. చెయ్యి లేచింది కూడా. కానీ రాఘవులు చెప్పిన మాటే చెవిలో మళ్లీ మోగింది. ఎండెక్కాక. బరువుతో. ఎక్కుడు ఎక్కితే.

మంచం మీద రెండు కొత్త థ్రాటిళ్లున్నాయి. ఒకటి చచ్చిన ఉంగ బండికి పోవాల్సింది. మరి రెండోది?

"లక్మా బండి," అంది. "లక్మా బండికి కూడా మార్చలేదు కదా. అదెక్కడుంది?"

రాఘవులు వింతగా చూశాడు. "అదేంది మేడం, రాళ్లు తేను పోయిండ్రు గద. పొద్దున మీరే చెప్తిరంట, ఉంగడు తాగలేదని. సుక్కా గూడ ఎక్కిండు. ఊరు ఊరంత ఎక్కింది."

రేణుక లక్మాకు ఫోను చేసింది. గుట్ట అవతల సిగ్నలు ఏనాడూ ఉండదు, ఇవాళా లేదు. ఉపేంద్ర అప్పటికే కారు స్టార్టు చేశాడు. ఆమె తలుపు వేసేలోపే కారు కదిలింది.

దారంతా గుంతలు. ఉపేంద్ర ఒక్కదానికీ బ్రేకు వేయలేదు. ఎండ నడినెత్తిన ఉంది.

"ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలి?" అంది రేణుక.

"గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాళం తిప్పి ఇంజన్ ఆపేయాలి. అంతేనండీ. ఆపితే బ్రేకు పడుతుంది."

"ఆ ముక్క క్యాంపులో డ్రైవర్లకు చెప్పారా?"

"కాగితం పంచాం."

"ఏ భాషలో?"

"ఇంగ్లీషులోనండీ," అన్నాడతను. ఆ వంగిన తాళంచెవి ఎందుకు తిరగలేదో ఆమెకు తెలిసిపోయింది. తాళం తిప్పమని ఉంగకు ఎవరూ చెప్పలేదు. లక్మాకు ఎవరు చెప్పి ఉంటారు? పొద్దున అంతసేపు ఆ బండి ముందు నిలబడి, తనైనా ఆ పిల్లవాడిని పిలిచి ఒక్కమాట చెప్పలేదు. పైగా నవ్వుకుంటూ సాగనంపింది.

వాగు ఇసుక దాటగానే డోలు వినబడింది. రాళ్లు తెచ్చేటప్పుడు డోలు వాయిస్తారు. పోయినవాళ్లను ఇంటికి తెస్తున్నట్టే లెక్క. ఎదురుగా గుట్ట. అటువైపు ఎక్కుడు, ఇటువైపు దిగుడు. దిగుడు కింద దారి పక్కనే నీళ్ల బోరు దగ్గర ఆడవాళ్లు, పిల్లలు ఎదురుచూస్తూ నిలబడి ఉన్నారు.

ఉపేంద్ర కారు ఆపాడు. ఇద్దరూ దిగి పైకి పరుగెత్తారు. "పక్కకు పోండి!" అని రేణుక జనం మీద అరుస్తూనే ఉంది. వాళ్లు డోలు వినబడుతున్న వైపు చూస్తున్నారు తప్ప ఆమె వైపు చూడలేదు.

గుట్ట నెత్తిన బండి కనబడింది. వెనక రెండు రాళ్లు పక్కపక్కన ఉన్నాయి. వాటి చుట్టూ ఇరుక్కుని కూర్చున్న మనుషులు, మధ్యలో డోలు. ముందు సీట్లో లక్మా పక్కన ఇర్మె. ఆమె రేణుకను గుర్తుపట్టి కిటికీలోంచి చెయ్యి ఊపింది. పొద్దుటి నుంచి ఆమె మొహంలో నవ్వు చూడడం అదే మొదలు.

"తాళం తిప్పు లక్మా! తాళం తిప్పు!" ఉపేంద్ర రెండు చేతులూ ఎత్తి, గొంతు చించుకుని అరుస్తూ ఎదురు పరుగెత్తాడు.

బండి దిగుడులోకి వాలింది. లక్మా తల ఒక్కసారిగా కిందికి, తన కాళ్ల వైపు వంగింది.

డోలు ఆగిపోయింది. ఇంజన్ ఆగలేదు.